సముద్రపు గాలికి నిలిచే రంగు: చిన్న షెడ్డుకి ఏది గిట్టుబాటు?

ఉప్పాడ షెడ్డు

నమస్కారం అందరికీ. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో మాది చిన్న షెడ్డు. నేను వెల్డింగ్, మా తమ్ముడు వడ్రంగం. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు ఎక్కువ. మధ్యమధ్యలో తలుపులు, పిల్లల ఉయ్యాలలు కూడా వస్తుంటాయి. ఇనుప పనికి రెడ్ ఆక్సైడ్ ఒక కోటింగు, పైన ఎనామిల్ రెండు కోటింగులు వేసి పంపుతున్నాం. ఊళ్లో ఉన్న ఇళ్లకి అది సరిపోతోంది. సముద్రం దగ్గరి ఇళ్లలో మాత్రం ఒక్క వానాకాలం దాటేసరికి వెల్డింగ్ పడిన చోటల్లా ఎర్రటి చార దిగుతోంది. కింద టైల్స్ మీద కూడా మరకలు. ఇంటివాళ్లు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తోచడం లేదు.

రంగుల కొట్టుకి వెళ్తే ఇంకా ఖరీదైన ఎనామిల్ చూపిస్తారు. ఒకరు పీయూ (పాలీయూరిథేన్ రంగు) అంటారు, ఇంకొకరు పౌడర్ కోటింగ్ అంటారు. మా దగ్గర ఉన్నవి ఒక హార్స్‌పవర్ కంప్రెసర్, స్ప్రే గన్ను, రెండు గ్రైండర్లు. బ్లాస్టింగ్ (ఇసుకలాంటి రేణువుల్ని గాలితో బలంగా కొట్టి ఇనుముని శుభ్రం చేసే మిషను) లేదు. గేటు రేటు బాగా పెంచితే బేరం పక్క షెడ్డుకి పోతుంది. పెట్టిన డబ్బుకి తగ్గట్టు నిలిచేది ఏదో తెలిసినవాళ్లు చెప్పండి. చెక్క పనికి కూడా.

రంగుల కొట్టు (రాజమహేంద్రవరం)

బాబూ, ఖరీదైన ఎనామిల్‌కి మీరు ఎక్కువ ఇచ్చేది మెరుపుకీ, ఎండకి వెలిసిపోకుండా ఉండటానికీ. తుప్పుని ఆపే పని చాలావరకు కింద ఉన్న ప్రైమర్‌ది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో ఉన్న ఎర్ర పొడి ఐరన్ ఆక్సైడే. అది ఇనుముకి గాలీ నీరూ తగలకుండా అడ్డు ఉంటుంది, అంతవరకే. ఎక్కడైనా గీత పడి తడి లోపలికి చేరాక అది ఏమీ చేయలేదు. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ అయితే, తడి తగిలినప్పుడు అందులోని ఫాస్ఫేట్ ఇనుము మీద పల్చటి పొర కట్టి తుప్పు పాకకుండా పట్టి ఉంచుతుంది.

రేటు ఎక్కువ కదా అంటారు. లెక్క వేద్దాం. 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపుకి నాలుగు వైపులూ కలిపితే 100 మిల్లీమీటర్లు. అంటే పది మీటర్ల పైపుకి ఒక చదరపు మీటరు. ఇరవై అడుగుల పైపులు పది పట్టే గేటు అనుకోండి, సుమారు 60 మీటర్లు, ఆరు చదరపు మీటర్లు. లీటరు ప్రైమర్ పది చదరపు మీటర్లు వస్తుందనుకుంటే, కారిందీ పోయిందీ కలిపినా ఒక కోటింగుకి ముప్పావు లీటరు. ఆ ముప్పావు లీటరు మీద వచ్చే తేడాయే మీరు పెట్టాల్సింది. మొత్తం గేటు ధరలో అదెంత? అందరూ పైన రంగు దగ్గర డబ్బు పెడతారు, కింద ప్రైమర్ దగ్గర మిగుల్చుకుంటారు. తిరగేసి చేయమంటాను.

పసుపుపచ్చగా ఉండే జింక్ క్రోమేట్ ప్రైమర్ బాగా పనిచేస్తుందని ఎవరైనా చెబుతారు. పనిచేసే మాట నిజమే. కానీ అందులోని క్రోమియం క్యాన్సర్ తెచ్చే రకం. రేపు గీకేటప్పుడు ఆ పొడి పీల్చేది మీరూ మీ తమ్ముడూ. ఆ డబ్బా జోలికి పోవద్దు.

జుబైల్ రిటర్న్ (జగిత్యాల)

అన్నా, నేను సౌదీలో చాలా ఏళ్లు బ్లాస్టింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నాను. అక్కడ కూడా సముద్రమే, ఉప్పు గాలే. కొట్టు బాబాయ్ ప్రైమర్ గురించి చెప్పింది కరెక్టు. కానీ ప్రైమర్ కంటే ముందు ఇంకో పని ఉంది. మీరు రాసిన మాటలోనే జవాబు ఉంది: తుప్పు వెల్డింగ్ పడిన చోటే మొదలవుతోంది.

వెల్డింగ్ దగ్గర ఏముంటుందో దగ్గరగా చూడండి. రాడ్డు మీది స్లాగ్ సందుల్లో గాజు పెంకులా మిగిలి ఉంటుంది. చుట్టూ చిన్న చిన్న ఇనుప గుళ్లు అతుక్కుని ఉంటాయి. వేడికి నీలంగా, నల్లగా మారిన పొర ఉంటుంది. రంగు వీటి మీద కూర్చుంటుంది తప్ప ఇనుముని పట్టుకోదు. స్లాగ్ కింద చెమ్మ నిలుస్తుంది. గుండు ఊడిపోతే అక్కడ రంగు కూడా ఊడుతుంది. సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, వైర్ బ్రష్ అటూ ఇటూ తిప్పి వదిలేస్తే ఎంత ఖరీదైన రంగైనా అంతే. ప్రతి జాయింటునీ గ్రైండర్‌కి కప్ బ్రష్ పెట్టి ఇనుము తెల్లగా మెరిసేదాకా కొట్టాలి. సందుల్లోకి చిన్న ఫ్లాప్ డిస్కు.

ఇంకొకటి, కొత్త యాంగిల్, ఫ్లాటు మీద నల్లగా నున్నగా కనిపించే మిల్ స్కేల్, అంటే ఫ్యాక్టరీలో వేడి మీద ఇనుముకి కట్టిన పొర. చూడటానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి దాని మీదే ప్రైమర్ కొట్టేస్తారు. అది ఎండకీ వానకీ పెచ్చులుగా లేస్తుంది, రంగుని కూడా తీసుకుపోతుంది. బ్లాస్టింగ్ లేకపోతే మొత్తం పోదు, కానీ డిస్కుతో వీలైనంత తీయాలి.

అంచులు కూడా చూసుకోండి. పదునైన అంచు మీద తడి రంగు నిలవదు, రెండు వైపులకీ లాగేసుకుంటుంది. అందుకే ఫ్లాటు అంచుల్లో తుప్పు ముందు కనిపిస్తుంది. డిస్కుతో ఒకసారి గుండ్రం చేస్తే చాలు.

ఉప్పాడ షెడ్డు

అన్నా, ఇదంతా చేస్తే గేటుకి అదనంగా పూట పడుతుంది. కూలీ?

జుబైల్ రిటర్న్ (జగిత్యాల)

పడుతుంది, కాదనను. కానీ మరకలు వచ్చాక మీ మనిషి ఆ ఇంటికి వెళ్లి, గీకి, మళ్లీ రంగు వేసి రావడానికి కూడా రోజు పోతుంది, పేరు కూడా పోతుంది. సముద్రం దగ్గరి గేటుకీ ఊళ్లో గేటుకీ ఒకే రేటు ఎందుకు? రెండు రేట్లు పెట్టండి. తేడా ఎందుకో కాగితం మీద రాసి ఇవ్వండి: ఏ ప్రైమర్, ఎన్ని కోటింగులు అని. మీ వైపు ఇల్లు కట్టుకునేవాళ్లకి ఉప్పు గాలి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

గాజువాక ఇన్‌స్పెక్టర్

నేను విశాఖలో రంగుల పని తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఉప్పు గాలి అన్నారు గానీ, ఇనుము మీద చేరే ఉప్పు గురించి ఎవరూ చెప్పలేదు. మీ షెడ్డు తీరంలోనే ఉంది కాబట్టి, పైపు షెడ్డులో నాలుగు రోజులు పడి ఉన్నా దాని మీద ఉప్పు పొర చేరుతుంది. కంటికి కనబడదు. గ్రైండర్ కొట్టినా గుంటల్లో ఉండిపోతుంది. దాని మీద రంగు వేస్తే, ఆ ఉప్పు రంగు పొర గుండా తేమని లాక్కుంటుంది, రంగు కింద చిన్న బుడగలు లేస్తాయి. ఆ బుడగలే తర్వాత తుప్పు. అందుకని ముందు మంచినీళ్లతో కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పనికిరావు.

ఉప్పాడ షెడ్డు

ఇనుముని నీళ్లతో కడగడమా? కడిగితే అప్పుడే తుప్పు పట్టదా అండీ?

గాజువాక ఇన్‌స్పెక్టర్

వరస ముఖ్యం. మొదట నూనె, గ్రీజు ఉంటే థిన్నర్ గుడ్డతో తుడవండి. సబ్బు నీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు. కంప్రెసర్ గాలితో సందులన్నీ ఊది ఆరబెట్టండి. అప్పుడు గ్రైండింగ్. కడిగినప్పుడు లేచిన పల్చటి ఎరుపు గ్రైండింగ్‌లో పోతుంది. దుమ్ము ఊది, ఆ పూటే ప్రైమర్. తీరంలో శుభ్రం చేసిన ఇనుముని రాత్రంతా ఉంచి పొద్దున రంగు వేద్దాం అనుకోకూడదు.

వేళ కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున ఇనుము చెమర్చి ఉంటుంది, చేత్తో తాకితే తెలుస్తుంది. మా పనిలో నియమం ఏమిటంటే, గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు ఆపేస్తాం. ఇనుము వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీళ్లుగా పట్టే వేడి) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మీటర్లు కొనక్కర్లేదు. బాగా పొద్దెక్కాక మొదలుపెట్టి, పొద్దువాలకముందే ముగించండి. ముసురు రోజుల్లో వెల్డింగ్ చేసుకోండి, రంగు పెట్టుకోవద్దు.

పైగా, ప్రైమర్ మొత్తం కొట్టేముందు జాయింట్లకీ అంచులకీ సందులకీ విడిగా బ్రష్‌తో ఒక కోటింగు వేయండి. దీన్ని స్ట్రైప్ కోట్ అంటాం. ఓడలకైనా గేట్లకైనా నేను చూసినంతలో దీన్ని మించిన చవకైన మందు లేదు. స్ప్రే గన్ను సందులోకి సరిగ్గా కొట్టదు. బ్రష్ అయితే రుద్ది లోపలికి పంపుతుంది.

జీడిమెట్ల పౌడర్

పౌడర్ కోటింగ్ గురించి అడిగారు కాబట్టి. మేము ఆ పనే చేస్తాం. శుభ్రం చేసి, ఫాస్ఫేట్ ట్యాంకుల్లో ముంచి, ఆరబెట్టి, పొడి చల్లి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల్లో పది పదిహేను నిమిషాలు కాలుస్తాం. పొర 60 నుంచి 80 మైక్రాన్లు వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దెబ్బకి బాగా ఓర్చుకుంటుంది, ఫినిషింగ్ ఫ్యాక్టరీ సరుకులా ఉంటుంది. బయట ఉండే వస్తువుకి ప్యూర్ పాలిస్టర్ పొడి అడగండి. ఇంటి లోపల వాడే, ఎపాక్సీ అనే రెసిన్ కలిపిన రకం ఎండకి సున్నంలా తేలిపోతుంది.

నిజం చెప్పాలంటే మీ గేట్లకి నేను సలహా ఇవ్వను. ఒకటి, ఓవెన్‌లో పట్టాలి. రెండు, ఇంటి దగ్గర బిగించేటప్పుడు పిల్లర్‌కి వెల్డింగ్ పెడతారు, అక్కడ పౌడర్ కాలిపోతుంది, మళ్లీ అక్కడి నుంచే తుప్పు. బోల్టులతో బిగించే గ్రిల్స్, స్టాండ్లు, కుర్చీ ఫ్రేములు అయితే మీకు దగ్గర్లో జాబ్ వర్కు చేసేవాళ్లని అడిగి చూడండి. తీరానికైతే పౌడర్ కింద జింక్ ప్రైమర్ పౌడర్ కూడా వేయించాలి.

ఉప్పాడ షెడ్డు

మంచి మాట చెప్పారు. అయితే గేట్లకి రంగే. ఎపాక్సీ, పీయూ నా షెడ్డులో సాధ్యమేనా?

రంగుల కొట్టు (రాజమహేంద్రవరం)

సాధ్యమే. రెండు డబ్బాలు వస్తాయి, బేస్, హార్డెనర్. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, కళ్లతో అంచనా పనికిరాదు. హార్డెనర్ ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందని కొందరు పోస్తారు, పొర పాడవుతుంది. కలిపాక కొన్ని గంటలే టైము. మన ఎండల్లో ఇంకా తగ్గుతుంది. ఒక గేటుకి ఎంత కావాలో అంతే కలపండి.

సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లకి ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రెండు కోటింగులు, పైన పీయూ. ఎపాక్సీ ఒక్కటే వదిలేయకూడదు, ఎండకి పొడి పొడిగా రాలుతుంది. అంత పెట్టలేనివాళ్లకి ఎపాక్సీ ప్రైమర్ మీద మామూలు ఎనామిల్ కూడా వేస్తారు. ప్రైమర్ పూర్తిగా గట్టిపడ్డాక, ఉప్పు కాగితంతో (ఎమరీ పేపర్) గరుకు చేసి, ఆ కంపెనీ డేటా షీట్‌లో ఒప్పుకుంటేనే. ఏషియన్, బెర్జర్, నెరోలాక్ అందరూ డేటా షీట్లు ఇస్తారు, అడిగి తీసుకోండి. తిరగేసి మాత్రం ఎప్పుడూ చేయొద్దు. పాత ఎనామిల్ మీద పీయూ గానీ ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగు) గానీ కొడితే ఆ థిన్నర్ బలానికి కింద పొర ముడతలు పడి లేచిపోతుంది.

టర్పెంటైన్ సంగతి కూడా చెప్పాలి. ఒక లీటరు రంగు పది చదరపు మీటర్లకి పరిస్తే తడి పొర 100 మైక్రాన్లు. అందులో ఆవిరైపోయేది పోగా ఎనామిల్‌లో సుమారు సగం మిగులుతుంది. అదే రంగులో సమానంగా టర్పెంటైన్ పోసి అంతే తడిగా కొడితే, మిగిలేది దాంట్లో సగం. మెరుపు మాత్రం బాగానే ఉంటుంది, కాబట్టి ఇంటివాళ్లకి తెలియదు. తుప్పుకి తెలుస్తుంది.

జుబైల్ రిటర్న్ (జగిత్యాల)

పీయూ స్ప్రే చేస్తానంటే ఈ ఒక్క మాట గట్టిగా వినండి అన్నా. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. దాని తుంపర పీల్చితే ఆస్తమా వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా అయిందంటే తర్వాత కొంచెం తగిలినా దమ్ము ఎగదన్నుతుంది, ఆ పని మానుకోవాల్సిందే. మూతికి కట్టుకునే గుడ్డ, కరోనా మాస్కు దేనికీ పనికిరావు. అక్కడ మాకు బయటి గాలి అందే హుడ్డు పెట్టి స్ప్రే చేయించేవాళ్లు. మీ షెడ్డులో అది లేదు కాబట్టి పీయూని బ్రష్‌తో, చిన్న రోలర్‌తో వేయండి, అప్పుడు కూడా కార్ట్రిడ్జ్ మాస్కు, గ్లవ్స్, తలుపులు బార్లా తెరిచి. గ్రిల్‌కి స్ప్రే చేస్తే ఎటూ సగం రంగు ఊచల మధ్య నుంచి గాల్లోకే పోతుంది. బ్రష్ వల్ల డబ్బూ మిగులుతుంది, ఊపిరితిత్తులూ మిగులుతాయి.

పాలిష్ మేస్త్రి (నరసాపురం)

చెక్క సంగతి నేను చెబుతా. ఇంటి లోపలి తలుపు, మంచం, బీరువా అయితే మెలమైన్ పాలిష్ చాలు. గట్టిగా ఉంటుంది, పీయూ కంటే చవక. వేసేటప్పుడు వచ్చే ఘాటు ఫార్మాల్డిహైడ్‌ది, కళ్లు మండుతాయి, గాలి ఆడేచోట వేయండి. ఎండా వానా నేరుగా పడే వీధి తలుపుకి మెలమైన్ వేయకండి, పగిలి పొట్టు లేస్తుంది. దానికి ఎక్స్‌టీరియర్ అని రాసి ఉన్న పీయూ. టేకు అయితే వేసేముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి, టేకులోని నూనె పొరని పట్టనివ్వదు.

తలుపు పైఅంచు, కిందిఅంచు చూడండి. ఎవరి తలుపు తీసి చూసినా అక్కడ పాలిష్ ఉండదు, కనబడదు కదా అని. చెక్క నీళ్లు తాగేది ఆ అడ్డకోత నుంచే. వానాకాలంలో తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేయడం, కింద పాలిష్ ఊడటం అక్కడే మొదలు. బిగించకముందే ఆరు వైపులూ వేయండి. కింది అంచుకి సీలర్ రెండుసార్లు తాగించండి. ద్వారబంధం గోడలోకి పోయే వైపు కూడా.

వేప, మద్ది లాంటి చెక్కకి ఎవరైనా తక్కువలో చేయమంటే, వుడ్ ప్రైమర్, లప్పం, ఎనామిల్ వేసి రంగు తలుపు చేయండి. ఎండని ఆపడంలో రంగు పొరని మించింది లేదు, ఎండ చెక్కని తాకనే తాకదు. క్లియర్ పాలిష్ ఎంత మంచిదైనా వీధి వైపు కొన్నేళ్లకి మళ్లీ వేయాల్సిందే, ఆ మాట ముందే చెప్పి డబ్బు తీసుకోండి.

అవిసె నూనె వాడితే ఒక జాగ్రత్త. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరే కొద్దీ వాటంతట అవే వేడెక్కి మంట అంటుకుంటాయి. రంపపు పొట్టు ఉండే షెడ్డులో అది చాలా ప్రమాదం. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి.

వరాహ ఒడ్డు

ఉయ్యాలలు చేస్తామని రాశారు, దాని గురించి ఎవరూ చెప్పలేదు. మాది అనకాపల్లి జిల్లా, ఏటికొప్పాక లక్కబొమ్మల పనిలో ఉన్నాం. పిల్లలు ఉయ్యాల అంచుని నోట్లో పెట్టుకుంటారు, చీకుతారు. ఇనుప గేటుకి మిగిలిన ఎనామిల్ దానికి వేయకండి అన్నయ్యా. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని కేంద్రం చేసిన నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. కానీ అది ఇళ్లకి, అలంకరణకి వాడే రంగులకి. పరిశ్రమల కోసం అమ్మే ఎనామిల్ దాని కిందికి రాదు. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం కలిసే అవకాశం ఎక్కువ. డబ్బా మీద సీసం మాట చదివి కొనండి.

ఉయ్యాల ఊచలు లేతు మీద తిప్పేవైతే లక్క వేయొచ్చు. మేము అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తాం. రాపిడి వేడికి కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమి రుద్దితే నున్నగా మెరుపు వస్తుంది. రంగులకి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వాడతాం. మాత్రల మీద పూతకి కూడా లక్క వాడతారు, కాబట్టి నోట్లో పెట్టుకున్నా భయం లేదు. వేడి గిన్నెకీ, స్పిరిట్‌కీ మాత్రం ఆగదు. లేతు లేకపోతే లక్క పలుకులు స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పల్చగా చాలాసార్లు వేయండి. ముసురు రోజున వేస్తే తెల్లగా పొగ కమ్మినట్టు అవుతుంది, పొడి రోజు చూసుకోండి.

ఉప్పాడ షెడ్డు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. చెల్లెమ్మా, ఉయ్యాల సంగతి మా తమ్ముడికి చదివి వినిపించాను, ఇక నుంచి లక్క పాలిషే అన్నాడు. గేట్లకి రెండు రేట్లు రాసుకున్నాను. ఊళ్లోకి: జాయింట్లు గ్రైండింగ్, బ్రష్‌తో స్ట్రైప్, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, ఎనామిల్ రెండు కోటింగులు. బీచ్ వైపుకి: కడిగి, ఎపాక్సీ ప్రైమర్ రెండు, పీయూ బ్రష్‌తో. ఇంటి దగ్గర వెల్డింగ్ పెట్టిన చోట అదే ప్రైమర్ కొంచెం వెంట తీసుకెళ్లి వేస్తాను.

ఇంకొక్కటి. కొందరు జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపుతో చేయమంటున్నారు, తుప్పు పట్టదని. దాని మీద ఎనామిల్ వేస్తే రంగు అట్టలా ఊడి వస్తోంది. ఎందుకు?

గాజువాక ఇన్‌స్పెక్టర్

ఎనామిల్‌లో ఉండేది నూనె. జీఐ మీది జింక్ ఆ నూనెతో కలిసి రంగు కింద సబ్బు లాంటి పొర తయారుచేస్తుంది, పట్టు పోతుంది. జీఐకి ఎచ్ ప్రైమర్ (జింక్ పైభాగాన్ని కొద్దిగా కొరికి పట్టుకునేది) గానీ, జీఐ కోసమే అని రాసి ఉన్న ఎపాక్సీ ప్రైమర్ గానీ వేసి, ఆపైన రంగు. ముందు నున్నటి పైభాగాన్ని సన్న ఉప్పు కాగితంతో గరుకు చేయండి, జింక్ పొర పోయేంత గట్టిగా కాదు. వెల్డింగ్ పెట్టిన చోట జింక్ కాలిపోతుంది కాబట్టి అక్కడ శుభ్రం చేసి జింక్ రిచ్ ప్రైమర్ (జింక్ పొడి ఎక్కువగా ఉండేది) వేయాలి. జీఐ వెల్డింగ్ పొగ పీల్చితే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, ఫ్యాను గాలి పొగని మీ మొహం నుంచి అవతలికి కొట్టేలా పెట్టుకోండి.

జుబైల్ రిటర్న్ (జగిత్యాల)

పైపు చివరలు కూడా అన్నా. స్క్వేర్ పైపు నోరు తెరిచి ఉంటే వాన నీళ్లు లోపల నిలిచి, లోపలి నుంచి తుప్పు తినేస్తుంది, బయట ఎంత రంగు వేసినా ఆగదు. చివరలకి ప్లేటు పెట్టి చుట్టూ పూర్తిగా వెల్డింగ్ చేయండి. అలా మూయడం కుదరని చోట పైపు అడుగున చిన్న రంధ్రం పెట్టండి, నీళ్లు దిగిపోతాయి. రంధ్రం వేశాక దాని అంచుకి ప్రైమర్ బ్రష్ తప్పకుండా తగిలించండి.